పొద్దున్నే నిండే ఐదో గడి

బళ్ళారి,
ఫిబ్రవరి 11

పెద్దమ్మకు,

ఫోన్లో నేను అరవడమూ, నువ్వు "ఆఁ? ఏందీ?" అనడమూ విని పక్కరూములో కుట్టుమిషన్ ఆమె నవ్వుతోంది. "మీ పెద్దమ్మతో నువ్వు మాట్లాడినప్పుడల్లా మీ ఇంటి సంగతులు వీధంతా తెలిసిపోతాండాయి" అంది మొన్న. అందుకే ఇకనుంచి ఉత్తరాలు. నీ చెవులకూ నా గొంతుకూ విశ్రాంతి. కాలేజీ వదిలాక నేను కాగితం మీద రాసేదంతా ఆసుపత్రి షీట్లే కదా, ఇలా అడ్డూ అదుపూ లేకుండా రాయడం ఎంత హాయిగా ఉందో.

నన్ను నీ వార్డులోనే వేశారు. ఆడవాళ్ళ వార్డు, నలభై రెండు మంచాలు, ఇద్దరు నర్సులం. మనుషులు చాలక పగటి షిఫ్టులు రెండూ కలిపేశారు. పొద్దున ఎనిమిదికి వెళితే సాయంత్రం ఆరుకు బయటపడతాను. నువ్వు రిటైరై ఏడాదిన్నర అయినా అక్కడ అన్నీ నీ పేరుతోనే నడుస్తున్నాయి. దుప్పటి మడిస్తే రామలక్ష్మమ్మ సిస్టర్ మడత. ట్రే సర్దితే రామలక్ష్మమ్మ సిస్టర్ వరస. నేను నీ చెల్లెలి కూతురినని ఎవరికీ చెప్పలేదు. చెబితే నా మడతలన్నీ విప్పి చూస్తారు.

మార్చిలో ఇన్‌స్పెక్షన్ ఉందట. కొత్త షీట్లు వచ్చాయి, రోగికొకటి, ఐదు గడులు. మొదటి గడిలో రోగిని చూసి, అడిగి, తాకి తెలుసుకున్నది రాయాలి. రెండో గడిలో ఆమె ఇబ్బంది ఏమిటో నర్సుగా మనం తేల్చుకున్నది. మూడులో చేయబోయేది, నాలుగులో చేసింది. ఐదో గడిలో ఫలితం. నర్సింగ్ ప్రాసెస్ అని నాలుగేళ్ళు మాకు నూరిపోసింది ఇదే. నవ్వకు, నాకది నిజంగా ఇష్టం. ఒక మనిషిని ఆ రోజుకు పూర్తిగా చూశామని చెప్పే దారి అది.

కానీ మా ఇన్‌ఛార్జ్ శ్రుతక్క పద్ధతి వేరు. "పదిగంటల్లోగా ఐదు గడులూ నింపెయ్" అంటుంది.

"అక్కా, ఫలితం తెలిసేది సాయంత్రం కదా?"

"సాయంత్రం నీకు టైము యాడుంటాది? మీ కాలేజీలో ఒక రోగికి ఒక రోజంతా. ఈడ ఒక్కొక్కరికి ఇరవై ఒక్క మంచం. ఇంజెక్షన్లు వేస్తావా, కవిత్వం రాస్తావా?"

నింపేస్తున్నాను. మధ్యాహ్నం భోజనం చేసింది, నొప్పి తగ్గింది, హాయిగా పడుకుంది. పొద్దున పదికే మా వార్డులో సాయంత్రమైపోతుంది పెద్దమ్మా. కిటికీలో ఎండ ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, నలభై రెండు మంది ఆడవాళ్ళు మాత్రం నా వాక్యం కింద కళ్ళు మూసుకుని పడుకుని ఉంటారు. నీ కాలంలో ఎలా చేసేవారు? ఈ అలవాటు ఎవరు పెట్టారు?

పదిహేడో మంచం గురించి చెప్పాలి. శరణమ్మ. రూపనగుడిలో మిరప చేలకు కూలికి పోతుంది. షుగరు ఉంది, కాలి పుండుతో చేరింది. పొద్దున మామూలు మనిషే, షుగరు మాత్ర వేసుకుని, ఆయాతో పరాచికాలాడి, నా జడ సన్నమైపోయిందని దిగులుపడుతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇంకో లోకానికి పోతుంది. మూడు రోజులుగా చూస్తున్నాను. ఫ్యాను వేడిగాలిని కలియబెడుతూ ఉంటుంది, వార్డంతా కునుకు. ఆమె మాత్రం కళ్ళు సగం తెరిచి చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుంటుంది. "మంచం కింద కాలువ పారుతాంది సిస్టరమ్మా. చెప్పులు తడుస్తాయి, జాగ్రత్త" అంది నిన్న. పెళ్ళికి ముందు మీ సిరుగుప్ప వైపు నాట్లకు వచ్చేదట. పై పెదవి మీద, మెడ మీద చెమట ముత్యాల్లాగ పోసి ఉంది. నవ్వుతూనే ఉంది. పెద్దమ్మా, నేను నిజంగానే కాలు పైకెత్తాను. గచ్చు చల్లగా తగిలినట్టనిపించింది.

మంచం కింద ఉన్నది కాలువ కాదు, మూతపెట్టిన అన్నం కంచం. భర్త నింగప్ప ఊరినుంచి నాలుగు దాటాక వస్తాడు, ఆయనకోసం దాస్తుంది. ఇద్దరూ టీ తాగి, ఆ కంచంలో తింటారు. అప్పటికి కాలువ ఉండదు, మామూలు శరణమ్మ అయిపోతుంది. రోజుకు ఒక గంట ఇలా పారే కాలువ ఎవరికి దొరుకుతుంది, చెప్పు.

నీ వరి ఎంత ఎత్తు వచ్చిందో రాయి.

నీ
హారతి


సిరుగుప్ప,
ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

పాపా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నాలుగు రోజులు పట్టింది. పక్కింటి ప్రశాంత్ చేత నీకు మూడుసార్లు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టే రూలు నేను పెట్టిందే. వార్డు ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. మోకాలు సహకరిస్తే నేనే బస్సెక్కేదాన్ని.

ముందు ఆ పదిహేడో మంచం దగ్గరికి పో. ఉత్తరం తర్వాత చదువు.

ఆ చెమట చల్లగా ఉందా? పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం అన్నం దాచిపెట్టే మనిషికి మూడు గంటలకు ఏమవుతుందో నీకు తెలియదా? కాలేజీలో చెప్పలేదా? అది కాలువ కాదు. షుగరు పడిపోతోంది. టీ తాగాక మామూలు మనిషి అవుతోందని నువ్వే రాశావు. మూడింటికి వేలు గుచ్చి చూడు. డాక్టరుకు చెప్పి మాత్ర ఆపించు. చెంచాడు చక్కెర నీ జేబులో పెట్టుకో.

దీన్ని మూడు గంటల బస్సులో ఉచ్చెంగెప్ప చేతికిస్తున్నాను, మన వీధి కండక్టరు. గేటు దగ్గర నీకే ఇమ్మన్నాను.

ఐదో గడి సంగతి తర్వాత.

పెద్దమ్మ


బళ్ళారి,
ఫిబ్రవరి 17

పెద్దమ్మా,

ఉచ్చెంగెప్ప పదిహేనో తారీఖు సాయంత్రం నీ కాగితం నా చేతిలో పెట్టాడు. "మీ పెద్దమ్మ నాకు టికెట్టు కొట్టేది కూడా పక్కకు పెట్టమనిందమ్మా" అన్నాడు. ఒక రోజు ఆలస్యమైంది.

పద్నాలుగో తారీఖున నింగప్ప బస్సు తప్పిపోయింది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి వచ్చేసరికి వెళ్ళిపోయిందట. నాలుగైంది, నాలుగున్నరైంది. నేను వార్డు ఆ చివర ఎవరికో రక్తం ఎక్కిస్తున్నాను. ఆయా సిద్దక్క పదిహేడు కింద తుడుస్తూ కంచం పక్కకు జరిపి, పిలిచింది. "సిస్టరమ్మా, ఈయమ్మ పలకల్యా. ఎంత పిల్చినా పలకల్యా."

శరణమ్మ చెయ్యి పట్టుకున్నాను. తడిసిన నాపరాయిలాగ ఉంది. చీర మొత్తం తడిసింది. షుగరు ముప్పై ఒకటి.

గ్లూకోజు ఎక్కించాం. ఎంతసేపో తెలియదు. గోడమీద గడియారం ఉంది కానీ అంతసేపూ నేను దాన్ని చూసిన గుర్తు లేదు, ఫ్యాను చప్పుడు మాత్రం గుర్తుంది. డాక్టర్ సిద్ధేశ్ "మధ్యాహ్నం తినిందా?" అనడిగారు. శ్రుతక్క షీటు తీసి చూసింది. "తినింది సార్. రాసుంది."

నా చేతిరాత పెద్దమ్మా. 'భోజనం పూర్తిగా చేసింది. హాయిగా నిద్రించింది.' మంచం కింద కంచం మూత కూడా తియ్యలేదు. తిన్నది నా అక్షరాలు.

బతికింది. రెండు రోజులు మబ్బుగా ఉండి, ఈ పొద్దున నన్ను గుర్తుపట్టి "జడ ఇంకా సన్నమైపోయిందే" అంది. నేను స్టోరు రూములోకి పోయి ఏడ్చాను.

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. మార్చి ఐదులోగా ఇవ్వాలి. నా కాంట్రాక్టు ముగిసేది మార్చి ఆఖరుకే. శ్రుతక్క పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పింది. "నేను చూసినప్పుడు బాగుండింది, భోజనం చేసినట్టు ఆమే చెప్పింది అని రాయి. షీటు నీ పక్కనే ఉండాది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాసినావంటే నీతో పాటు నేనూ పోతా. నాకు ఇద్దరు పిల్లోళ్ళు."

అంత సులభం. ఆ షీటు అబద్ధమని చెప్పడానికి ఎక్కడా సాక్ష్యం లేదు. ఒక్క చోట తప్ప. నీ దగ్గరున్న ఉత్తరం. తొమ్మిది, పది, పదకొండు, మూడు రోజుల షీట్లలోనూ 'హాయిగా నిద్రించింది' అని ఉంది. చెమటా, మాటలూ, కంచమూ, టీ తాగాక తేరుకోవడమూ, టైముతో సహా అన్నీ ఉన్నది ఆ ఉత్తరంలోనే. ఆమె గురించి నేను రాసిన నిజమైన షీటు అదొక్కటే. దాన్ని మొదటి గడిలో రాసి ఉంటే రెండో గడి దానంతటదే తేలేది. నేను రాయకపోయినా, చదివిన ఎవరికైనా తేలేది, నీకు తేలినట్టు. నేను దాన్ని అందంగా ఉందని నీకు పంపాను.

ఆ ఉత్తరం తిరిగి పంపు పెద్దమ్మా. సంజాయిషీకి జతచేస్తాను. దానివల్ల నాకు నష్టమేనని తెలుసు. చూడకుండా రాసిందని కాదు, చూసి కూడా తెలుసుకోలేదని తేలుతుంది. అయినా పంపు.

హారతి


సిరుగుప్ప,
ఫిబ్రవరి 21

చిరంజీవి హారతికి,

ఆమె బతికినందుకు సంతోషం. నీకు ఒక గుణపాఠం. అది చాలు.

ఇక్కడ వరి మోకాలు దాటింది. పొద్దున గట్టు మీద నిలబడితే పైరు మీద పొగమంచు ఒక తెల్ల దుప్పటి పరిచినట్టుంటుంది, మడత లేని దుప్పటి. కొంగలు దాని మీద తల మాత్రం పెట్టి నడుస్తుంటాయి. నాకు వాటి అరుపు వినపడదు కనుక మరీ కలలాగ ఉంటుంది. రోజూ ఒక గంట చూస్తాను.

ఆ ఉత్తరం లేదు. నీళ్ళు కాచుకోవడానికి పొయ్యి వెలిగిస్తూ పాత కాగితాలతో పాటు అదీ వేసినట్టున్నాను. వెతికాను, దొరకలేదు.

శ్రుతి చెప్పినట్టు రాయి. క్లుప్తంగా రాయి. ముప్పై నాలుగేళ్ళు ఆ ఆసుపత్రిలో ఉన్నాను, సంజాయిషీలో ఎక్కువ రాసినవాళ్ళు ఎవరూ బాగుపడలేదు. నువ్వు పనితనమున్న నర్సువి. వార్డులో ఉంటేనే పదిమందికి పనికొస్తావు. ఇంటికి వచ్చేసి నాతో పాటు కొంగలు చూస్తే ఎవరికి లాభం?

రామలక్ష్మమ్మ


బళ్ళారి,
ఫిబ్రవరి 25

పెద్దమ్మా,

నువ్వు కాగితం కాల్చావా? హాస్టలులో చేరినప్పటి రసీదు ఇంకా ఇనప్పెట్టెలో దాచుకున్న మనిషివి. నాకు ఒకటో తరగతిలో వచ్చిన మార్కుల చీటీ నీ దగ్గర ఉంది. "పొయ్యిలో వేసినట్టున్నాను" అట. మీ ఇంట్లో గ్యాసు కదా ఉండేది.

నీ ఉత్తరం కింద 'రామలక్ష్మమ్మ' అని సంతకం ఉంది. పెద్దమ్మ అని లేదు. అది చూసి భయమేసింది. ఏదో దాస్తున్నావని అప్పుడే అనుకున్నాను, ఏమిటో మాత్రం తెలియలేదు.

నిన్న తెలిసింది. గాజుగుడ్డ చుట్టలకోసం పాత బీరువా తెరిస్తే అడుగు అరలో రిజిస్టర్లు. ఊరంతా జ్వరాలు పడ్డ ఏడాదివి. నేను ఏడో తరగతిలో ఉన్నాను అప్పుడు, నువ్వు మూడు నెలలు ఇంటికే రాలేదు. ఒకటి తీసి తెరిచాను. నీ చేతిరాతను నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. పేజీకి ఇరవై మంది. ప్రతి పేజీలో పొద్దుటి మాటా, మధ్యాహ్నం మాటా, సాయంత్రం మాటా ఒకే సిరాతో, ఒకే ఊపులో, ఒక్క చోటా చెయ్యి ఆగకుండా. 'గంజి తాగింది. జ్వరం తగ్గింది. నిద్రించింది.' పేజీ కింద వేసిన టైము, ఉదయం తొమ్మిదిన్నర.

బీరువా ముందు నేలమీద కూర్చుండిపోయాను. శ్రుతక్క వచ్చి చూసింది. "దొరికిందా?" అని మాత్రం అంది. తర్వాత పక్కన కూర్చుని, "ఎవరు నేర్పించినారు అనుకున్యావు నాకు? కొత్తగా చేరినప్పుడు నా చెయ్యి పట్టుకుని నేర్పించింది ఆ సిస్టరే. దేవత మాదిరి ఉండె" అంది. నువ్వు నా పెద్దమ్మవని అప్పుడు చెప్పాను.

నేను కోపంగా లేను. ఉన్నాను, కానీ దేనిమీదో తెలియడం లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇప్పుడు నాకే ఒళ్ళు తేలిపోతున్నట్టుంటోంది. వార్డు కునుకుతుంటే పదిహేను మంచాల అవతల నువ్వు తెల్లచీరలో నడిచి వస్తున్నట్టుంటుంది. దగ్గరికి వస్తే అది సెలైన్ స్టాండుకు వేలాడేసిన తువ్వాలు.

ఐదో తారీఖు దగ్గర పడుతోంది. ఉత్తరం పంపినా పంపకపోయినా నేను నిజమే రాస్తాను. కానీ నా మాట ఒక్కటే ఉంటే, షీటు ఎదురుగా ఉంటే, భయపడి ఏదో రాసిందంటారు. ఆమెకు మూడు రోజులనుంచీ అలా ఉందని ఎవరూ నమ్మరు.

నాకు ఒక్కటి చెప్పు. నువ్వు ఎందుకలా రాశావు?

హారతి


సిరుగుప్ప,
మార్చి 1

హారతీ, నా తల్లీ,

నీ ఉత్తరం ఈసారి రెండు రోజులకే అందింది. అది చదివాక రెండు రోజులు గట్టు మీదికి పోలేదు. తలుపేసుకుని కూర్చున్నాను. ప్రశాంత్ వచ్చి, "ఏందవ్వా, ఒంట్లో బాగలేదా?" అని కాగితం మీద రాసి చూపించాడు. బాగలేదన్నాను.

చెబుతాను. ఆ ఏడాది అదే వార్డులో అరవై మూడు మంది. మంచాల మధ్య చాపలు, చాపల మధ్య మా కాళ్ళు. ఇద్దరమే. రోజుకు మూడు పూటలా రాయమని ఆర్డరు. పూట పూటకూ రాస్తే అరవై మూడు మందికి రాయడానికే పూటంతా పట్టేది. తల ఎత్తి చూసే తీరిక లేదు. నేను రాస్తుంటే ఒకామె నా కొంగు పట్టుకుని నీళ్ళడిగింది. రాయడం ఆగిపోతుందని కొంగు లాక్కున్నాను. ఆ సాయంత్రం ఆలోచించాను. ఈ రాత మనుషుల్ని చూడనివ్వడం లేదు, దీన్ని ముందే వదిలించుకుంటే చేతులు ఖాళీ అవుతాయి కదా అని. మరునాడు తొమ్మిదిన్నరకే రోజంతా రాసేశాను. తర్వాత సాయంత్రం దాకా పెన్ను ముట్టలేదు. ప్రతి నుదురూ తాకాను. ప్రతి గ్లాసూ ఎత్తి చూశాను.

అంతే పాపా. చూడటం కోసం చేసిన పని అది. వెనకొచ్చిన పిల్లలకు నేను రాత నేర్పాను. చూపు కూడా దాంతోపాటు వాళ్ళకు వస్తుందనుకున్నాను. రాలేదు. పదేళ్ళకు రాత ఒక్కటే మిగిలింది.

ఇది సగం. మిగతా సగం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా.

ఓబులమ్మ అని ఒకామె. మూలనున్న మంచం. 'జ్వరం తగ్గింది' అని పొద్దున రాశాను. నిజంగానే తగ్గింది. మరీ తగ్గింది. ఒళ్ళు చల్లబడటాన్ని నా కింద పనిచేసే నర్సు పిల్ల జ్వరం దిగడమనుకుంది, రిజిస్టరులో అలాగే ఉందిగా అని నన్ను పిలవలేదు. నేను ఆ మూలకు వచ్చేసరికి సాయంత్రమైంది, అప్పటికే పోయింది. రిజిస్టరు ప్రకారం ఏ తప్పూ లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. జ్వరాలు తగ్గాక, బాగా చేశానని నాకు శాలువా కప్పారు.

నీ మొదటి ఉత్తరం చదువుతుంటే పదిహేడో మంచంలో నాకు కనపడింది ఓబులమ్మే. అందుకే అంత కంగారుగా రాశాను. నువ్వు ఉత్తరం తిరిగి పంపమన్నప్పుడు భయపడింది నీ ఉద్యోగానికని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఒక దారం లాగితే నా దగ్గరికే వస్తుందని.

నీ ఉత్తరం ఇందులో ఉంది. కాల్చలేదు. దాంతోపాటు మేడమ్ పేరిట నేను రాసిన రెండు పేజీలు కూడా. ఈ పద్ధతి ఎప్పుడు, ఎందుకు, ఎవరు మొదలుపెట్టారో రాసి సంతకం చేశాను. ఓబులమ్మ పేరూ రాశాను. ఇద్దరు మనుషులతో నలభై రెండు మంచాలకు ఐదు గడులూ నిజంగా నింపమంటే ఎలా కుదురుతుందో వాళ్ళనే చెప్పమని కూడా అడిగాను. ఉచ్చెంగెప్ప తెస్తాడు.

నీ కాంట్రాక్టు పోతే ఇక్కడికి రా. కొంగలు చూద్దాం. మొన్న అది ఎగతాళిగా అన్నాను, ఇప్పుడు అలా అనడం లేదు.

పెద్దమ్మ


బళ్ళారి,
మార్చి 10

పెద్దమ్మా,

నాలుగో తారీఖునే ఇచ్చేశాను. నా సంజాయిషీ ఒక పేజీ, నా ఉత్తరం, నీ రెండు పేజీలు. మేడమ్ ముందు నిలబడి ఉంటే కిటికీలోంచి ఎర్రటి దుమ్ము సన్నగా లోపలికి వచ్చి టేబుల్ అద్దం మీద వాలుతోంది. ఆమె అన్నీ రెండుసార్లు చదివారు. నీ పేజీలు చదివాక కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత నా ఉత్తరం ఎత్తి పట్టుకున్నారు.

"ఇంత బాగా చూసినావే, షీటులో ఎందుకు రాయలేదు?"

"గడి చిన్నది మేడమ్."

"గడి చిన్నది కాదు. టైము లేదు. ఆ మాట చెప్పడానికి మీకంతా భయం, అడగడానికి మాకు భయం" అన్నారు.

నా ఫైలులో మెమో పెట్టారు. కాంట్రాక్టు సంగతి ముప్పై ఒకటిన పై కమిటీలో తేలుతుంది, మేడమ్ మాట ఇవ్వలేదు. శ్రుతక్కను ఏమీ అనలేదు. ఇన్‌స్పెక్షన్ దాకా ఎనిమిది మంచాలు మాత్రం నాకిచ్చి, ఐదు గడులూ వేళకు వేళ నింపి చూపించమన్నారు. ఎంత సమయం పడుతుందో కూడా రాయమన్నారు. శ్రుతక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "నీ ఎనిమిది మంచాలు నువ్వు ఏలుకో రాణీ, మిగతా ముప్పై నాలుగు ఎవరు చూస్తారు, మీ పెద్దమ్మా?" అంది. ఆమె ఒక్కతే పరుగెత్తుతుంటే నేను ఒక మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడానికి సిగ్గేస్తోంది. అది కూడా రాసి ఇస్తాను.

ఇవాళ మూడింటికి శరణమ్మ దగ్గర కూర్చున్నాను. ఎండ గోడమీద నీళ్ళలాగ కదులుతోంది. కాలి కట్టు మార్చాను, వేలు గుచ్చి చూశాను, నూట నలభై. అప్పుడు ఆమెకు చెప్పాను. నువ్వు తినకముందే తిన్నావని రాశానని, దాన్ని నమ్మే నీ సంగతి ఎవరూ చూడలేదని.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే నేను కంచం ముట్టకముందే, తిన్యాను అని రాసినావా?"

"అవును."

నవ్వింది పెద్దమ్మా. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "మా ఊర్లో రేషన్ అంగడాయప్ప ఇట్లే. బియ్యం రాకముందే తీసుకున్నట్టు ఏలిముద్ర వేయిస్తాండె. నువ్వు అంత చదివి, ఆయప్ప పని నేర్చినావా?"

పక్క మంచం ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వబోయాను. శరణమ్మ అప్పటికే ఆపేసింది. "నేను పోయింటే మా ఇంటాయప్పకు ఏం చెప్తాంటివి? తిని పండుకునింది అని చెప్తాంటివా?" అంది. నింగప్ప మంచం కాళ్ళ దగ్గర కూర్చుని తువ్వాలు మడుస్తున్నాడు. ఈమధ్య పొద్దుటి బస్సుకే వచ్చేస్తున్నాడు, ఆమెను వదిలి ఉండలేక. తల ఎత్తలేదు.

ఆమె నా చేతిలో షీటు వైపు గడ్డం ఎగరేసింది. "సరే, ఇప్పుడేం రాసినావో చదువు. తెలుగులో చదువు, ఇంగ్లీషులో వద్దు."

చదివాను. మాత్ర మారిందని, మధ్యాహ్నం ఒకటిన్నరలోగా అన్నం పూర్తిగా తినాలని, తినకపోతే ఏమవుతుందో ఇద్దరికీ చెప్పామని. తనకు సంబంధించిన కథ ఎవరో చెబుతున్నట్టు కళ్ళు మూసుకుని విన్నది.

"ఆఖరి గడిలో ఏముండాది?"

"ఖాళీగా ఉంది. నువ్వు చెప్పాలి. మొత్తం తిన్నావా?"

నింగప్పను చూసింది. నన్ను చూసింది. "సగం తిన్యా. సగం ఆయప్పకు పెట్టినా."

"మొత్తం తినమన్నాను కదా శరణమ్మా?"

"పొద్దున్నే లేచి వచ్చిన మనిషి ఖాళీకడుపుతో ఎదురుగా కూచోనుంటే ఎట్ల మింగుడు పడతాదమ్మా? నీకు పెళ్ళి కాలేదు, తెలీదులే."

నింగప్ప అప్పుడు నోరు తెరిచాడు. "నేను వద్దు వద్దు అంటాండా, వినదు. ముద్ద చేసి చేతిలో పెడతాది."

పెన్ను తీశాను. ఐదో గడిలో 'లక్ష్యం నెరవేరలేదు' అని రాశాను. పక్కన కారణం, భర్త ఆకలి. వెనకనుంచి వెళుతూ శ్రుతక్క వంగి చూసింది. "ఇన్‌స్పెక్షన్ ముందర ఇట్ల రాస్తారా ఎవరైనా? ఈ వార్డు పుట్టినప్పటినుంచి నెరవేరలేదు అని ఒక్కరూ రాయలేదు" అంది. కానీ పోలేదు, నిలబడింది. షీటు చేతిలోకి తీసుకుని మొత్తం చదివింది. అక్కడినుంచే వంటింటి తలుపు వైపు గట్టిగా కేకేసింది. "హంపేశూ, రేపటినుంచి పదిహేడుకు ఇంకొక గరిటె ఎక్కువ వస్తాదా లేదా?"

"ఎవరికక్కా?"

"పేషెంటుకే అప్పా, వెయ్యి."

శరణమ్మ నా మోచెయ్యి తట్టి, ఏం రాశావని అడిగింది. నెరవేరలేదని రాశానన్నాను. ఒప్పుకుంటున్నట్టు తల ఊపింది. "ఉన్నదే రాసినావు. అయితే రేపు?"

కొత్త షీటు తీసి, మూడో గడిలో, రేపటి తారీఖు కింద, ఆమెకు వినపడేలా చదువుతూ రాశాను. "ముందు నింగప్పకు అన్నం పెట్టాలి."

హారతి